వేపచెట్టు పలకలు ఆరబెట్టడం: పది నెలల తూకాల డైరీ

2023 డిసెంబరు 10

మొన్న 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా పెరట్లో వేపచెట్టు వేళ్ళతో సహా ఒరిగిపోయింది. ప్రహరీ గోడ కొంత కూలింది, ఇంటికి దెబ్బ తగల్లేదు. నాయనమ్మ కాపురానికి వచ్చిన ఏడాది నాటిన చెట్టు అది. ఆవిడ పోయి పదకొండేళ్ళయింది.

కట్టెల అడితి నుంచి మనిషి వచ్చి మొత్తానికి ఒక రేటు చెప్పాడు. అమ్మ సరే అనబోయింది. కొమ్మలు తీసుకెళ్ళమన్నాను, మొదలు మాత్రం ఇవ్వనన్నాను. ఆరడుగుల పైచిలుకు మొదలు, అడ్డంగా పద్నాలుగు అంగుళాలు. పక్కింటి బాబాయి వాళ్ళ మామిడి కొమ్మ కూడా విరిగి మా వైపే పడింది. ఆయన దాన్నీ నన్నే ఉంచుకోమన్నాడు.

చేయాలనుకున్నది పెద్ద పనేమీ కాదు. నాలుగు పీటలు. నాయనమ్మ చివరిదాకా పీట మీద కూర్చునే అన్నం తింది. ఆవిడ చెట్టుతో నాలుగు పీటలు చేసి మేము ముగ్గురు అక్కచెల్లెళ్ళం తలా ఒకటి, అమ్మ ఒకటి తీసుకోవాలని ఉంది. అయితే పచ్చికర్రతో చేసిన పీట ఏడాదిలో వంకర పోతుంది. ముందు ఆరాలి. వేడిగాలి గదిలో కర్ర ఆరబెట్టే సౌకర్యం ఉన్న చోటికి ఇంత చిన్న సరుకు పట్టుకెళ్తే ఎవరూ తీసుకోరు. కాబట్టి ఇంట్లోనే ఆరబెడతాను.

డిసెంబరు 17

సామిల్లులో కోత అయింది. కొయ్యడానికి ముందు మిల్లు అతను దుంగ చుట్టూ చూసి, బట్టల తీగ కట్టడానికి ఎప్పుడో కొట్టిన రెండు మేకుల జాడ పట్టాడు. మేకు తగిలితే రంపపు పట్టా పళ్ళు పోతాయి. అంత మేర గొడ్డలితో చెక్కించి, తర్వాతే యంత్రం మీదికి ఎక్కించాడు.

మొదలుని ముందు మూడు ముక్కలు చేసి, ఒకటింబావు అంగుళం మందంతో పలకలు తీయించాను. వేప పలకలు 14 వచ్చాయి. రెండడుగుల పొడవు, ఎక్కువ భాగం తొమ్మిది అంగుళాల వెడల్పు. లోపలంతా ఎర్రటి చేవ, అంచున కాస్త తెల్ల, అంటే బెరడు కింది లేత కర్ర. మామిడివి అంగుళం మందంతో 6. ప్రతి పలక మీద పెన్సిల్‌తో నంబరు వేశాను.

ఇంటికి రాగానే చేసిన మొదటి పని తలలు మూయడం. చెట్టు నిలువునా నీళ్ళు లాక్కుని బతుకుతుంది కదా, కోసిన తర్వాత కూడా చెమ్మ ఆ నిలువు దారిలోనే వేగంగా బయటికి పోతుంది. పలక ముఖం నుంచి పోయేదానికన్నా తలల నుంచి పోయేది పది రెట్లకు పైగా వేగం. తల ముందు ఆరి కుంచించుకుంటుంది, నడుమ ఇంకా ఉబ్బే ఉంటుంది. అక్కడ బీటలు వారతాయి. పది అడుగుల బల్లకి రెండు వైపులా నాలుగేసి అంగుళాలు పోయినా ఫరవాలేదు. రెండడుగుల పలకకి అదే పోతే పీటే పోయినట్టు. అందుకే చిన్న పలకలకి ఇది ప్రాణం లాంటి పని. కొవ్వొత్తుల మైనం ఒక డబ్బాలో కరిగించి, డబ్బాని వేణ్ణీళ్ళ గిన్నెలో ఉంచి, ఒక్కో తలని అందులో ముంచి తీశాను. మైనాన్ని నేరుగా మంట మీద పెట్టకూడదు, అంటుకుంటుంది.

డిసెంబరు 18

ఈ డైరీకి ఆధారం ఇవాళ్టి లెక్క.

3వ నంబరు పలకని నిన్న మిల్లులో మూడు అంగుళాలు పొడవుగా ఉంచమన్నాను. దాని తల వైపు రెండు అంగుళాలు వదిలేసి, ఒక అంగుళం ముక్క కోసి, వెంటనే వంటింటి తూకం మీద పెట్టాను. 194 గ్రాములు. తల చివరి ముక్క అప్పటికే కొంత ఆరి ఉంటుంది కనుక అది పనికిరాదు. ఈ ముక్కని రాత్రంతా కేకులు చేసే చిన్న ఓవెన్‌లో 100 డిగ్రీల దగ్గర ఉంచాను. ప్రయోగశాలల్లో 103 డిగ్రీలు పెడతారు, నా ఓవెన్‌లో అంత కచ్చితంగా పెట్టలేను. ఇల్లంతా వేప వాసన. పొద్దున్నుంచి రెండు గంటలకోసారి తూచాను. 110 గ్రాముల దగ్గర ఆగిపోయి ఇంక తగ్గలేదు. అంటే అది పూర్తిగా ఎండిన బరువు.

తేడా 84 గ్రాములు. దాన్ని ఎండు బరువు 110తో భాగించి నూరుతో గుణిస్తే 76. కర్రలో చెమ్మ 76 శాతం అనేది దీన్నే. పచ్చి బరువుతో కాదు, ఎండు బరువుతో పోల్చి చెప్పాలి. అందుకే కొన్ని పచ్చికర్రలకి ఈ అంకె నూరు దాటుతుంది.

ఇక అసలు ఉపయోగం. ముక్క కోసేశాక 3వ పలక బరువు 4640 గ్రాములు. దాన్ని 1.764తో భాగిస్తే 2630. అంటే ఈ పలకలో ఉన్న అసలు కర్ర 2630 గ్రాములు, మిగతాది నీళ్ళు. 12 శాతం చెమ్మకి రావాలంటే పలక 2945 గ్రాములు తూగాలి. ఈ రెండు అంకెలనీ పలక మీదే రాసుకున్నాను. ఇక ముందు ఎవరు ఏం చెప్పినా, నా కళ్ళకి ఎలా కనిపించినా, ఈ పలకని తూచే నిర్ణయిస్తాను.

డిసెంబరు 20

పేర్పు పూర్తయింది. ఉత్తరం వైపు వసారాలో, ఎండ పడని చోట. కింద ఆరు సిమెంటు దిమ్మెలు, రసమట్టం పెట్టి సమం చేశాను. కింద వంకర ఉంటే ఆరే ప్రతి పలకా ఆ వంకరనే నేర్చుకుంటుంది. వరసకి వరసకి నడుమ ముప్పాతిక అంగుళం చదరపు బద్దలు, తలకొకటి, మధ్యలో ఒకటి. బద్దలన్నీ ఒకే మందం ఉండాలి, పై వరస బద్ద సరిగ్గా కింది బద్ద మీదే రావాలి. పాత ప్యాకింగ్ పెట్టె విప్పి, ఎండిన చెక్కతో చేశాను. పచ్చి వేప పుల్లలు పెడితే అవి ఆనినచోట మచ్చ పడుతుంది.

పైన రెండు కడప బండలు, వాటి మీద వాడకం లేని రుబ్బురోలు. పడమటి వైపు గోనె పట్టా వేలాడదీశాను. మొదటి మూడు వారాలు నేరుగా గాలి తగలకూడదు.

డిసెంబరు 24

3వ పలక 4265 గ్రాములు. 62 శాతం.

ఒక తప్పు చేశాను. పక్కింటి బాబాయి శుక్రవారం వచ్చి చూసి, "ఏందమ్మా ఇట్టా నీడలో పెట్టావు, డాబా మీద ఎండకి పడేస్తే నెల్లో ఆరుద్ది గదా" అన్నాడు. పెద్దాయన, అనుభవం ఉన్నాయన. పరీక్షగా 9, 10 నంబర్లు శనివారం డాబా మీద పెట్టాను. సాయంత్రానికి రెండూ పైకి దొప్పలా లేచాయి. 10వ దాని ముఖం మీద మూడు అంగుళాల నెర్రె. రాత్రి దిండు పక్కన ఫోన్‌లో ఆ ఫొటోనే చూస్తూ పడుకున్నాను.

జరిగింది ఇదీ. పై పొర గంటల్లో ఆరి బిగుసుకుంది. లోపలంతా నీళ్ళే, అది కుంచించుకోలేదు. పై పొర లాగుతుంది, లోపలి భాగం రాదు, ఆ లాగుడుకి పై పొర తెగుతుంది. బాబాయి చెప్పింది అబద్ధం కాదు. వాళ్ళ చిన్నప్పుడు డాబా మీద ఆరేసినవి వాసాలు, కట్టెలు. వాటికి నెర్రె పడితే ఎవరూ బాధపడరు.

రెండింటినీ తిరిగి పేర్పులో అడుగు వరసలో పెట్టాను.

2024 జనవరి 14

భోగి. 3వ పలక 3650. 39 శాతం. తెల్లవారుజామున వీధి పిల్లలు కట్టెల కోసం వచ్చారు. చెట్టు నడిబొడ్డు నుంచి వచ్చిన రెండు పలకలు అప్పటికే నిలువునా చీలి ఉన్నాయి, వాటిని ఇచ్చేశాను. నడిబొడ్డు ఉన్న పలక ఎంత జాగ్రత్తగా ఆరబెట్టినా చీలుతుంది, అది నా తప్పు కాదని నమ్మకంగా చెప్పగలను. వేపవి ఇక 12.

గోనె పట్టా తీసేశాను.

ఫిబ్రవరి 4

3390. 29 శాతం. చాలా రోజులుగా నేను ఎదురుచూస్తున్న అంకె ఇది.

తడిసిన బట్టని పిండితే నీళ్ళు కారతాయి. ఇంక కారనంత గట్టిగా పిండాక కూడా నూలుపోగులో చెమ్మ మిగులుతుంది, అది ఆరితేనే బట్ట బిగుస్తుంది. కర్ర కూడా అంతే. గొట్టాల్లాంటి కణాల బోలులో ఉన్న నీళ్ళు ముందు పోతాయి. అవి పోయినంత కాలం కర్ర కొలత మారదు, బరువు మాత్రమే తగ్గుతుంది. దాదాపు 30 శాతం దగ్గర బోలు ఖాళీ అయి, గోడల్లో పట్టి ఉన్న చెమ్మ పోవడం మొదలవుతుంది. అక్కడి నుంచే కర్ర కుంచించుకుంటుంది, మెలి తిరుగుతుంది.

కొలతలు ఇదే చెప్తున్నాయి. 3వ పలక కోసిన రోజు 228 మిల్లీమీటర్ల వెడల్పు, ఇవాళ 227. ఏడు వారాల్లో కిలోంబావు నీళ్ళు పోయినా వెడల్పు ఒక్క మిల్లీమీటరు తగ్గింది, అదీ పై పొరలు ముందుగా ఆరడం వల్ల. అసలు పని ఇప్పుడు మొదలైంది. ఇవాళ బండల మీద ఇంకో బండ ఎక్కించాను.

ఫిబ్రవరి 25

3230. 23 శాతం. పనులు ఎక్కువగా ఉండి బడి నుంచి ఆలస్యంగా వచ్చాను, చీకట్లో టార్చ్ వేసి తూచాను.

మార్చి 10

వేప 3170, 20.5 శాతం. అది బాగానే ఉంది. ఇవాళ రాయాల్సింది మామిడి గురించి.

బద్దల మీద, కింది పలకల మీద మైదాపిండిలా మెత్తటి పొడి. పలక ఎత్తి తడితే ఇంకొంచెం రాలింది. గుండుసూది తల అంత గుండ్రటి రంధ్రాలు, రెండు పలకల్లో ఇరవైకి పైగా. పుచ్చు పురుగు. చెదలు కాదు. చెదలైతే మట్టి పూత ఉంటుంది, ఇలా శుభ్రమైన పొడి రాలదు.

ఈ పురుగు వెతుక్కునేది కర్రలో ఉండే పిండిపదార్థాన్ని. చెట్టు దాన్ని తెల్ల భాగంలో దాచుకుంటుంది. మామిడి కొమ్మ దాదాపు అంతా తెల్లే, చేవ లేదు. వేప పలకలు అదే పేర్పులో ఆనుకునే ఉన్నా చేవ మీద ఒక్క రంధ్రం లేదు. అంచున తెల్ల ఉన్నచోట కూడా ఇంతవరకూ ఏమీ కనిపించలేదు.

అసలు పొరపాటు డిసెంబర్‌లోనే జరిగింది. తుపాను తర్వాత పన్నెండు రోజులు మామిడి కొమ్మని బెరడుతో సహా తడి నేల మీద వదిలేశాను. కోసేటప్పటికే లోపల నీలి నలుపు చారలు ఉన్నాయి. అది బూజు మచ్చ, బలం తగ్గించదు గానీ పోదు. మామిడి పడిన వారంలోపే కోసి, పచ్చిగా ఉండగానే మందు పట్టించాలి. వెలిగారం, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్ళు తడి కర్రలోకి తమంతట తామే పాకిపోతాయి. ఎండిన కర్రలో పై పొర దాటవు. వెలిగారం కిరాణా కొట్టులో దొరుకుతుంది, బోరిక్ పౌడరు మందుల షాపులో అడగవచ్చు. లీటరు వేడినీళ్ళకి 90 గ్రాముల వెలిగారం, 60 గ్రాముల బోరిక్ పౌడరు లెక్కన కలిపి, చేతికి తొడుగులు వేసుకుని మిగిలిన నాలుగు మామిడి పలకలకి రెండు రోజులు పూశాను. ఆలస్యమైందని తెలిసే పూశాను. ఈ పలకల్ని చపాతీ పీటకీ, కూరగాయలు తరిగే చెక్కకీ ఎప్పటికీ వాడను.

బాగా తిన్న రెండూ పొయ్యిలోకి పోయాయి. మిగతా నాలుగింటినీ వేపకి దూరంగా, వేరే పేర్పుగా పెట్టాను.

ఏప్రిల్ 14

3045, 16 శాతం. వెడల్పు 222.

మా బడిలో పని చేయడానికి వచ్చిన వడ్రంగి మేస్త్రీ దగ్గర సూదులు గుచ్చి చూసే మీటరు ఉంది. అడిగితే ఒకరోజు ఇచ్చాడు. 3వ పలక మీద అది 11 చూపించింది. మీటరు ప్రకారం పలక ఆరిపోయింది. దాని సూదులు దిగేది అయిదు మిల్లీమీటర్లే. పైన ఆరింది నిజమే, లోపల ఆరలేదు. మేస్త్రీకి నా లెక్క చూపించాను. ఆయన పలక ఎత్తి చూసి, చెవి దగ్గర పెట్టుకుని వేలితో కొట్టి, "ఇంకా మూగగా ఉందమ్మా, ఖంగుమనాల" అన్నాడు. ఆయన చెవి, నా తూకం ఒకే మాట చెప్పాయి. మీటరు ఒక్కటే వేరుగా చెప్పింది.

మే 5

మామిడికి ఎండ పెట్టె. కర్రలో ఉన్న పురుగునీ గుడ్డునీ చంపడానికి మిగిలిన దారి వేడి. విదేశాలకు వెళ్ళే సరుకుల ప్యాకింగ్ చెక్కలకి ఒక అంతర్జాతీయ నియమం ఉంది. కర్ర నడిమధ్యలో 56 డిగ్రీల వేడి కనీసం 30 నిమిషాలు నిలవాలి. డాబా మీద ఇటుకలు పేర్చి, పలకలు బద్దల మీద ఉంచి, వాటి పైన నల్ల రంగు వేసిన రేకు, దాని పైన చట్రానికి బిగించిన, ఎండ దూరే పాలిథిన్. ఒక పలక పక్క నుంచి నడిమధ్య దాకా సన్నటి బెజ్జం వేసి వంటింటి థర్మామీటరు సూది దింపాను.

మధ్యాహ్నం ఒంటిగంటకి పెట్టెలో గాలి 66, కర్ర నడుమ 49. రెండున్నరకి నడుమ 57. నాలుగు దాకా 56 పైనే ఉంది. మూడు రోజులు వరసగా ఇలాగే చేశాను. డిసెంబర్‌లో ఒక పూట ఎండకే వేప పలక పగిలింది, ఈ మామిడి ఇప్పుడు ఇంత వేడికి చెక్కుచెదరలేదు. అప్పటికి ఇందులో చెమ్మ 13 శాతానికి వచ్చేసింది, కుంచించుకోవడానికి ఇంక పెద్దగా ఏమీ మిగల్లేదు. కొండపల్లి బొమ్మలు చేసేవాళ్ళు పొణికి కర్రని సన్నసెగ మీద నెమ్మదిగా చెమ్మ లాగేస్తారు. వేడి ఎంత అన్నదే కాదు, ఎంత నెమ్మదిగా పెంచుతామన్నది కూడా ముఖ్యమని నాకు ఈ మూడు రోజుల్లో బాగా అర్థమైంది.

మే 19

2960. 12.5 శాతం. పోయిన వారం తూకం లేదు, 13న పోలింగ్ డ్యూటీ, దాని శిక్షణ, ఆ ముందు వెనకలు. మామిడి కింద నల్ల కాగితం పరిచాను, పొడి పడితే తెలుస్తుంది. రెండు వారాలుగా శుభ్రంగా ఉంది.

జూన్ 9

2945. సరిగ్గా 12 శాతం. ఆర్నెల్లు పట్టింది. అంగుళం మందానికి ఏడాది అని పాత లెక్క ఒకటి చెప్తారు. మన వేసవికి అంత అక్కర్లేదు, అయినా నేను దాని మీద ఆధారపడలేదు.

వెడల్పు 220. ఎనిమిది మిల్లీమీటర్లు తగ్గింది. 6వ పలక చెట్టు నడిమికి ఎదురుగా కోసినది, దాని వలయాల గీతలు ముఖానికి నిట్టనిలువుగా ఉన్నాయి. అది 190 నుంచి 186కి వచ్చింది, అంతే. వలయం వెంట కుంచింపు ఎక్కువ, వలయానికి అడ్డంగా దాదాపు సగం. ఒకే చెట్టు పలకలు రెండు రకాలుగా ఎందుకు ప్రవర్తిస్తాయో దీంతో తెలుస్తుంది. పీటలకి ముందుగా 6వ దానిలాంటివే తీసుకుంటాను.

ఇంకో పరీక్ష చేశాను. 12వ పలక తల వైపు నుంచి ఒక ముక్క కోసి, దాన్ని రంపంతో రెండు కాళ్ళ ఫోర్కులా చేశాను. లోపల ఒత్తిడి దాగి ఉంటే ఆ కాళ్ళు లోపలికి వంగి ఒకదానికొకటి తగులుతాయి. ఇవి ఒకరోజు ఆగినా తిన్నగానే ఉన్నాయి. నెమ్మదిగా ఆరబెట్టిన ఫలితం చేతిలో పట్టుకుని చూసినట్టయింది, చాలా సంతోషం వేసింది.

జూలై 21

2995. యాభై గ్రాములు పెరిగింది! తూకం పాడైందేమోనని కిలో రాయి పెట్టి చూశాను. బాగానే ఉంది.

వానాకాలంలో డబ్బాలో ఉప్పు చెమ్మగిల్లుతుంది, వీధి తలుపు బిగుసుకుంటుంది. అదే ఇది. కర్ర ఆరడం ఒకసారి జరిగి ముగిసే పని కాదు. చుట్టూ గాలిలో ఉన్న తేమకి తగ్గట్టు తన చెమ్మని పెంచుకుంటూ తగ్గించుకుంటూ ఉంటుంది. 30 డిగ్రీల దగ్గర గాలిలో తేమ 65 శాతం ఉంటే కర్ర 12 దగ్గర నిలుస్తుంది, 80 ఉంటే 16 దాకా పోతుంది, 50 ఉంటే 9కి దిగుతుంది. భారతీయ ప్రమాణాల్లో కూడా దేశాన్ని వాతావరణాన్ని బట్టి నాలుగు మండలాలు చేసి, ఎక్కడ ఎంత చెమ్మ ఉన్న కర్ర వాడవచ్చో విడిగా చెప్పారు. సముద్రానికి ఇంత దగ్గర్లో ఉన్న మా ఇంటికి సరిపోయిన పలక అనంతపురంలోనో హైదరాబాదులో ఏసీ గదిలోనో ఇంకా ఆరుతుంది. మా చెల్లి ఉండేది హైదరాబాదులోనే. ఆమె పీట సంగతి ఇప్పుడే ఆలోచించాలి.

సెప్టెంబరు 1

3025, 15 శాతం. నిన్నటి నుంచి ఎడతెరిపి లేని వాన. విజయవాడలో బుడమేరు ఊళ్ళని ముంచేసింది, కృష్ణకి పెద్ద వరద వస్తోంది. మా జిల్లాలో కొల్లూరు వైపు లంక గ్రామాల్లో బంధువులు ఉన్నారు. ఇవాళ ఇంతకన్నా రాయలేను.

సెప్టెంబరు 22

లంకల్లో మావాళ్ళంతా క్షేమం. ఇల్లు బురద కడగడానికి రెండు ఆదివారాలు వెళ్ళొచ్చాం.

పలకల్ని వసారా నుంచి లోపలి గదికి మార్చాను, అమ్మ మంచం కింద, బద్దల మీదే. తూకం 3000. పీట ఎక్కడ వాడతామో అక్కడి గాలికి రెండు మూడు వారాలైనా అలవాటు పడాలి.

అక్టోబరు 13

3వ పలక 2975. 13 శాతం. మూడు వారాల్లో పాతిక గ్రాములు తగ్గింది, అంతే. ఇక దీన్ని తూచడం ఆపేస్తున్నాను.

దసరా సెలవుల్లో మేస్త్రీ రెండు పూటలు ఇంటికి వచ్చాడు. 6వ పలకకి చిత్రిక పట్టాం. పైన ఉన్న బూడిద రంగు పోయి ఎర్రటి చేవ బయటపడగానే అమ్మ వచ్చి చేత్తో నిమిరింది. వేప నారలు ఒక పొర ఇటు, ఒక పొర అటు అల్లుకుని ఉంటాయి. చిత్రిక ఒక వైపు నున్నగా వచ్చి ఇంకో వైపు నార లేపుతుంది. ఉలి పదును పెట్టి, చాలా పలచగా, అడ్డంగా పట్టాల్సి వచ్చింది.

కింద రెండు అడ్డ కాళ్ళు. మామూలుగా పీటకి వాటిని మేకులతో బిగగొట్టేస్తారు. పలక వానాకాలంలో వెడల్పు పెరిగి, ఎండాకాలంలో తగ్గుతుంటే కాళ్ళు దాన్ని కదలనివ్వవు, పీట నడుమ చీలుతుంది. నా కొలతల్లో 3వ పలక జూన్‌కీ సెప్టెంబరుకీ నడుమ ఒకటిన్నర మిల్లీమీటర్లు పెరిగింది. అందుకని మధ్య స్క్రూ మాత్రం బిగించి, అటూ ఇటూ ఉన్న స్క్రూలకి కాళ్ళలో పొడవాటి బెజ్జాలు వేయించాను. మేస్త్రీకి మొదట నచ్చలేదు. డైరీలో అంకెలు చూపించాక, "మా నాయన గుడి తలుపులకి ఇట్టాగే సందు వదిలేవాడమ్మా" అన్నాడు.

రసమట్టం మీద పీట తిన్నగా ఉంది. నాలుగు మూలలూ నేలకి ఆనాయి. బరువు 1640 గ్రాములు, కింద పెన్సిల్‌తో రాశాను.

మిగిలినవి వేప 11, మామిడి 4. 9వ దాని వంపు సగమే తగ్గింది, దాన్ని పొట్టి ముక్కలు చేసి చపాతీ పీట చేస్తాను. చెల్లి పీటకి తీసిన 8వ పలక రేపు బస్సులో హైదరాబాదు వెళ్తోంది. పీట చేయకుండా పలకగానే పంపిస్తున్నాను, చెల్లి దాన్ని వాళ్ళ ఇంట్లో రెండు నెలలు ఉంచి, ఆదివారం ఆదివారం తూచి నాకు అంకె చెప్తుంది. ఇవాళ అది 2710.